తెల్లవారుజామున మోగే కారు

పాత కారుకి తర్వాత పెట్టించిన అలారం దొంగ వచ్చినప్పుడు మోగుతుందో లేదో చెప్పలేం గానీ, మంచు పడ్డప్పుడు మాత్రం తప్పకుండా మోగుతుంది. అమలాపురం, రాజోలు, నరసాపురం వైపు ఏ వీధిలో అడిగినా ఇదే గోల. ధనుర్మాసంలో గుడి మైకు ఇంకా మొదలవకముందే ఎవరిదో మారుతీ 800 అరవడం మొదలెడుతుంది. యజమాని లుంగీ సర్దుకుంటూ బయటికొచ్చి రిమోట్ నొక్కుతాడు. ఆగుతుంది. మళ్లీ లోపలికెళ్లి దుప్పటి కప్పుకునేలోపు మళ్లీ మొదలు. వారం తిరిగేసరికి పక్కింటివాళ్లు పలకరించడం మానేస్తారు, ఈయనేమో “యూనిట్ పోయింది, కొత్తది వేయించాలి” అని తేల్చేస్తాడు.

చాలాసార్లు యూనిట్ బాగానే ఉంటుంది. పాడైంది బోనెట్ కింద ఉండే వేలెడంత స్విచ్.

800, ఓమ్నీ, అంబాసిడర్ లాంటి పాత కార్లలో చాలావాటికి కంపెనీ నుంచి అలారం రాలేదు. షాపులో పెట్టించుకున్నదే. డాష్‌బోర్డు కింద ఒక ప్లాస్టిక్ పెట్టె (యూనిట్ అనేది దీన్నే) బిగించి, దాని వైర్లను కారు సొంత వైర్లకు అక్కడక్కడా కలిపేస్తారు: బ్యాటరీకి, ఇగ్నిషన్‌కి, ఇండికేటర్లకి, తలుపుల స్విచ్‌లకి. బోనెట్ దగ్గర మాత్రం అప్పటిదాకా లేని ఒక స్విచ్ కొత్తగా పెడతారు. తలుపు తెరిచారా, బోనెట్ లేపారా అన్నది ఈ పెట్టె వైరులోని వోల్టేజిని బట్టే పోల్చుకుంటుంది. మూసి ఉన్నప్పుడు ఆ వైరు 12 వోల్టుల దగ్గర ఉంటుంది. తెరిస్తే స్విచ్ ఆ వైరుని కారు బాడీకి, అంటే ఎర్త్‌కి కలుపుతుంది. వోల్టేజి సున్నాకి పడిపోతుంది, సైరన్ మోగుతుంది.

మూసి ఉన్నప్పుడు వైరుని 12 వోల్టుల దగ్గర పట్టి ఉంచేది పెట్టె లోపలి ఒక చిన్న రెసిస్టర్. లెక్క కోసం దాన్ని 10,000 ఓమ్‌లు అనుకుందాం. అంత పెద్ద నిరోధం గుండా కొద్దిపాటి కరెంటే పారగలదు. బ్యాటరీ ఖర్చు కాకూడదని కావాలనే అలా పెడతారు. దానివల్ల ఇంకొకటి కూడా జరుగుతుంది. స్విచ్ మీద తడి మట్టి పేరుకుని, దాని గుండా ఎర్త్‌కి 5,000 ఓమ్‌ల దారి దొరికిందనుకోండి. వైరు మీద వోల్టేజి 12 నుంచి 4కి దిగిపోతుంది. పారిన కరెంటు 0.8 మిల్లీ ఆంపియర్లు మాత్రమే, చిన్న ఎల్‌ఈడీ కూడా సరిగ్గా వెలగదు. కానీ పెట్టె దృష్టిలో బోనెట్ తెరుచుకున్నట్టే.

మామూలు నీటి తడి ఒక్కటే అయితే ఇంత జరగదు, ఉప్పు కలవాలి. అలలు విరిగినప్పుడు లేచే తుంపర గాలిలోనే ఆరి సన్నటి ఉప్పు రేణువులవుతుంది. తీరం దగ్గర ఎక్కువ, లోపలికి వచ్చేకొద్దీ తక్కువ. ఉప్పునీటి రొయ్యల చెరువుల గట్టున కారు ఆపేవాళ్లకు నీటిని చిలికే ఏరియేటర్లు చిమ్మే తుంపర అదనం. మామూలు ఉప్పుకి ఒక గుణం ఉంది: గాలిలో సాపేక్ష తేమ సుమారు 75 శాతం దాటితే ఆ తేమను పీల్చుకుని తనంతట తనే కరిగి ద్రవమైపోతుంది. సముద్రపు ఉప్పులో కొంత ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కైతే దాదాపు 33 శాతం చాలు. కరిగిన ఉప్పు కరెంటుని బాగా పారనిస్తుంది. కాలువలు, చెరువులు, నీళ్లు నిలిచిన వరిచేలు చుట్టూ ఉన్న మన డెల్టాలో రాత్రి చల్లబడేకొద్దీ సాపేక్ష తేమ పెరుగుతూ పోయి, సూర్యోదయానికి కాస్త ముందు గరిష్ఠానికి చేరుతుంది. అందుకే పగలు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే బుద్ధిగా ఉండే కారు తెల్లవారుజామున నాలుగింటికి అరుస్తుంది. ఎండెక్కాక ఆ ఉప్పు పొర ఆరిపోతుంది, రుజువు మాయం.

మరి తలుపుల స్విచ్‌లు కూడా ఉప్పుగాలిలోనే ఉన్నాయి కదా, అవెందుకు తక్కువ గొడవ చేస్తాయి? నాకు ఈ మొత్తం వ్యవహారంలో బాగా నచ్చిన విషయం ఇదే. తలుపు స్విచ్ వైరు కారు లోపలి దీపం గుండా కూడా బ్యాటరీకి కలిసి ఉంటుంది. చల్లగా ఉన్న ఆ బల్బు నిరోధం కొద్ది ఓమ్‌లే. అది వైరుని 12 వోల్టుల దగ్గర అంత గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి 5,000 ఓమ్‌ల తడి దాన్ని కిందికి లాగలేదు. బోనెట్ స్విచ్‌కి అలాంటి బల్బు తోడు లేదు. ఇప్పుడు లోపలి దీపం మాడిపోయిందనుకోండి, లేదా పిల్లలు ఆడుకుంటూ ఆ దీపం మీటని ఆఫ్‌లోకి తోశారనుకోండి. తలుపుల స్విచ్‌లకి కూడా ఆ రక్షణ పోతుంది. మాడిపోయిన బల్బు మార్చాక అలారం గోల కూడా ఆగిపోతే అది కాకతాళీయం అనుకోనక్కర్లేదు.

కాబట్టి వెతకడం బోనెట్ నుంచే మొదలుపెట్టాలి. అనుభవం ఉన్న ఆటో ఎలక్ట్రీషియన్‌ని అడిగితే, “ఆయ్, ముందు బోనెట్ వైరు పీకి రెండు రాత్రులు చూడండి, పెట్టె సంగతి తర్వాత చూద్దాం” అంటాడు. పద్ధతిగా చెప్పాలంటే అది మంచి ప్రయోగం: ఒక్కటే మార్చి, మిగతావన్నీ అలాగే ఉంచడం. చాలా అలారాలు అన్‌లాక్ చేసినప్పుడు డాష్‌బోర్డు మీది ఎర్ర లైటుని కొన్నిసార్లు ఆర్పి వెలిగించి, ఏ స్విచ్ వల్ల మోగిందో చెబుతాయి. ఎన్నిసార్లంటే ఏమిటన్నది ఒక్కో తయారీకి ఒక్కోలా ఉంటుంది. ఆ కాగితం పారేయకుండా ఉంచిన ఇల్లు అరుదు.

మల్టీమీటర్ (వోల్టేజి, కరెంటు కొలిచే మీటరు) ఉంటే ఇంకా సులువు. తెల్లవారుజామునే, బోనెట్ స్విచ్‌ని చేత్తో నొక్కి పట్టి, వైరుకీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజి చూడాలి. పన్నెండుకి దగ్గరగా రావాలి. ఐదో ఆరో చూపిస్తూ ఊగుతుంటే దొంగ దొరికినట్టే. స్విచ్ విప్పి, కింద రేకు తెల్లబడేదాకా సాండ్ పేపర్‌తో రుద్ది, చిలుము పట్టిన రాగి కొసని కత్తిరించి కొత్తగా బిగించి, పలచగా వాజిలీన్ రాస్తే కొంతకాలం నిశ్చింత. ఇంకో సంగతి: బోనెట్ మూసినా స్విచ్ సగమే నొక్కుకుంటున్నా ఇదే లక్షణం కనిపిస్తుంది. అప్పుడు శుభ్రం చేసి లాభం లేదు, స్విచ్‌ని కొంచెం పైకి జరపాలి.

షాక్ సెన్సార్ వేరే కథ. పాతరకం వాటిలో స్ప్రింగు చివర ఒక అయస్కాంతం, పక్కన తీగచుట్ట ఉంటాయి. కారు కదిలితే అయస్కాంతం ఊగుతుంది, తీగచుట్టలో చిన్న వోల్టేజి పుడుతుంది. కొత్తవాటిలో పీజో బిళ్ల ఉంటుంది. కొన్ని స్ఫటికాలను నొక్కితే వాటిపై విద్యుదావేశం పుడుతుందని జాక్, పియర్ క్యూరీ సోదరులు 1880లో చూపించారు. ఆ గుణమే ఇక్కడ పనిచేస్తుంది. ఎంత కుదుపుకి మోగాలన్నది సెన్సార్ మీది చిన్న స్క్రూతో సరిచేయవచ్చు. షాపువాళ్లు అద్దం మీద వేలితో కొట్టి “చూశారా” అని చూపించడానికి దాన్ని బాగా పెంచి వదిలేస్తారు. మన ఒండ్రు నేల మెత్తన. కాలువ గట్టు రోడ్డు మీద వడ్ల ట్రాక్టర్ వెళ్తే పక్కనున్న ఇంటి వాకిలి దాకా కదలిక తెలుస్తుంది. కొబ్బరిచెట్టు కింద కారు పెట్టేవాళ్లకి మట్ట రాలినా చాలు. అరచేత్తో గట్టిగా తడితే మోగాలి, వేలితో తడితే మోగకూడదు. అంతవరకు స్క్రూ తగ్గిస్తే సరిపోతుంది.

అలారం ఆపేసినా సైరన్ ఆగకపోతే సైరన్‌లోనే చూడాలి. కొన్నిట్లో సొంత రీఛార్జబుల్ బ్యాటరీ ఉంటుంది, ఎవరైనా కారు బ్యాటరీ వైరు కోసేసినా అరవడానికి. ఇంజిన్ వేడికి ఏళ్ల తరబడి మగ్గి ఆ బ్యాటరీ చచ్చిపోతుంది, సైరన్ వేళకాని వేళ కూయడం మొదలెడుతుంది. సైరన్ పక్కన చిన్న తాళం రంధ్రం ఉంటే అది ఈ రకమే. కారు బ్యాటరీ విప్పే ముందు ఆ తాళంతో సైరన్‌ని ఆపకపోతే చెవులు పోతాయి.

రిమోట్ అకస్మాత్తుగా పనిచేయకపోతే బ్యాటరీ మార్చి చూడటం అందరికీ తెలుసు. దానితో కుదరకపోతే ఇంకో కారణం ఉండొచ్చు. రోలింగ్ కోడ్ రిమోట్ నొక్కిన ప్రతిసారీ కొత్త సంకేతం పంపుతుంది, రిమోట్‌లోనూ పెట్టెలోనూ ఒక లెక్క కలిసి నడుస్తుంది. బాగా ప్రచారంలో ఉన్న కీలాక్ పద్ధతిలో పెట్టె తర్వాతి 16 సంకేతాల వరకు ఒప్పుకుంటుంది. మనవడు ఊరవతల కూర్చుని రిమోట్ నొక్కుతూ ఆడుకుంటే లెక్క దాటిపోతుంది. కారు దగ్గర వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే చాలావరకు మళ్లీ కలుస్తుంది.

కారే స్టార్ట్ అవకపోతే అలారంతో పాటు పెట్టిన రిలేని, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్‌ని, అనుమానించాలి. స్టార్టర్ వైరుని కోసి ఆ రిలే గుండా కలుపుతారు. సోల్డర్ చేయకుండా మెలితిప్పి టేపు చుట్టిన జాయింటు ఎండకి జిగురు కారి వదులవుతుంది, కోతలయ్యాక చేలోంచి వచ్చిన ఎలుకలు మిగతా పని పూర్తిచేస్తాయి.

ఇక బ్యాటరీ. ఆగి ఉన్న కారులో నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది. 12.2 అంటే సగం ఖాళీ. రెండు మూడు రోజులు వాడకపోతే స్టార్ట్ అవడం లేదని అలారాన్ని తిట్టేవాళ్లు ఒకసారి లెక్క వేసుకోవాలి. బాగున్న అలారం తాగేది సుమారు 20 మిల్లీ ఆంపియర్లు. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీని అది పూర్తిగా ఖాళీ చేయడానికి లెక్క ప్రకారం రెండు నెలలు దాటుతుంది. పాత బ్యాటరీకి ఇంకా తక్కువే అనుకున్నా, మూడు రోజులు కాదు. అదే డిక్కీలో ఆరకుండా ఉండిపోయిన 5 వాట్ల బల్బు నాలుగు రోజుల్లోపే ఖాళీ చేస్తుంది.

తేల్చుకోవడానికి అలారం ఆపి, బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పి, 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టిన మల్టీమీటర్‌ని ఆ వైరుకీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్యలో కలపాలి. తలుపులు మూసి కాసేపు ఆగి అంకె చూడాలి. మీటరు ఉండగా స్టార్ట్ చేశారో, దాని ఫ్యూజు గోవింద. 50 మిల్లీ ఆంపియర్లు దాటితే ఒక్కో ఫ్యూజు పీకుతూ ఏది తీస్తే అంకె పడుతుందో చూడాలి. ఫ్యూజు బాక్సులో అన్నీ పీకినా అంకె కదలకపోతే, బ్యాటరీ పాజిటివ్ నుంచి విడిగా బయలుదేరిన సన్న వైరుని పట్టుకుని వెళ్లండి. తర్వాత పెట్టించిన అలారం ఫ్యూజు సాధారణంగా ఆ వైరు మీదే, చిన్న ప్లాస్టిక్ గొట్టంలో ఉంటుంది.