పన్నెండున్నరలో మూడు మార్కులు డాక్టరు చేతిలో

58 ఏళ్ల ఒక మహిళను ఊహించుకోండి. పన్నెండు రోజుల క్రితం పూర్తి మత్తు ఇచ్చి గర్భసంచి తొలగించారు. ఇంటికి వచ్చి కోలుకుంటున్నారు. ఈ ఉదయం ఉన్నట్టుండి ఆయాసం మొదలైంది. నాడి నిమిషానికి 112. జ్వరం లేదు, కాళ్లలో వాపు లేదు, ఛాతీ ఎక్స్‌రేలో చెప్పుకోదగ్గది ఏమీ కనిపించలేదు. వట్టి ఆందోళన కావచ్చు. అప్పుడే మొదలవుతున్న న్యుమోనియా కావచ్చు. లేదా కాలి సిరలో పేరుకున్న రక్తపు గడ్డ ఊడి, గుండె కుడివైపు గదులను దాటి, ఊపిరితిత్తుల ధమనిలో ఇరుక్కుని ఉండవచ్చు. ఈ చివరిదాన్నే పల్మనరీ ఎంబోలిజం అంటారు. గుర్తించడం ఆలస్యమైతే ప్రాణం పోవచ్చు.

అనుమానం రాగానే అందరికీ సి.టి. స్కాన్ తీస్తే పోదా? దానికి సిరలోకి రంగు ద్రవం ఎక్కించాలి, రేడియేషన్ తప్పదు, మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి అదొక బెడద. పైగా ఎవరికీ హాని చేయని చిన్నచిన్న గడ్డలు కూడా కనబడతాయి. కనబడ్డాక రక్తం పలచబడే మందు ఇవ్వకుండా ఉండటం ఏ డాక్టరుకైనా కష్టమే. ఆ మందు వల్ల రక్తస్రావమైతే రోగం కన్నా వైద్యమే భారమవుతుంది.

మరి డి-డైమర్ అనే రక్తపరీక్ష ఉందిగా? గడ్డ కరిగేటప్పుడు రక్తంలోకి వచ్చే ముక్కలను అది కొలుస్తుంది. చిక్కేమిటంటే శస్త్రచికిత్స తరువాత, గర్భిణుల్లో, ఇన్ఫెక్షన్లలో, క్యాన్సర్‌లో, ముసలితనంలో కూడా అది పెరుగుతుంది. కనుక పెరిగిందంటే పెద్దగా తేలేదేమీ లేదు. పెరగలేదంటేనే విలువ. ఆ విలువ కూడా అందరికీ ఒకటి కాదు.

లెక్క వేసి చూద్దాం. అంకెలు కేవలం ఊహకు. జబ్బు ఉన్న వందమందిలో 95 మందిని పరీక్ష పట్టుకుంటుందని, జబ్బు లేని వందమందిలో 40 మందికి సాధారణమని చూపుతుందని అనుకుందాం. వెయ్యిమంది అనుమానితుల్లో నిజంగా జబ్బు ఉన్నవారు వందమందే అయితే, 'సాధారణం' అని వచ్చిన 365 మందిలో గడ్డ దాగి ఉన్నది ఐదుగురిలో. అదే వెయ్యిలో 600 మందికి జబ్బు ఉంటే, 'సాధారణం' అని వచ్చిన 190 మందిలో 30 మంది రోగులే. అంటే ఆరుగురిలో ఒకరు! పరీక్ష అదే, కాగితం మీద వచ్చిన మాట అదే. ఎవరి రక్తం అన్నదే తేడా. అందుకే రక్తం తీయకముందే అనుమానం ఎంత బలమైనదో తూచుకోవాలి.

ఆ తూకానికి కెనడా వైద్యుడు ఫిలిప్ వెల్స్ బృందం 2000లో ఇచ్చిన కొలమానమే ఇవాళ ఎక్కువగా వినిపించేది. కాలి సిరలో గడ్డ ఉన్న లక్షణాలు కనిపిస్తే 3 మార్కులు. నాడి వంద దాటితే ఒకటిన్నర. మూడు రోజులు మంచం పట్టినా, నాలుగు వారాల లోపు శస్త్రచికిత్స జరిగినా ఒకటిన్నర. గతంలో ఇలాంటి గడ్డలు వచ్చి ఉంటే మరో ఒకటిన్నర. దగ్గితే రక్తం పడినా, క్యాన్సర్ ఉన్నా ఒక్కొక్కటి. ఇక మిగిలింది నాకు భలే నచ్చిన అంశం: ఈ లక్షణాలకు వేరే కారణాల కన్నా ఎంబోలిజమే ఎక్కువ సరిపోతుందని, కనీసం వాటితో సమానంగా సరిపోతుందని డాక్టరుకు అనిపిస్తే 3. మొత్తం పన్నెండున్నర. నాలుగు దాటితే నేరుగా సి.టి.; దాటకపోతే ముందు డి-డైమర్.

నెదర్లాండ్స్‌లో జరిగి 2006లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో, నాలుగు దాటక, డి-డైమర్ కూడా సాధారణంగా ఉన్న వెయ్యిమందికి పైగా రోగులకు స్కాన్ చేయలేదు, మందు ఇవ్వలేదు. తరువాతి మూడు నెలల్లో గడ్డలు బయటపడింది 0.5 శాతం మందిలోనే.

మన రోగికి మార్కులు వేద్దాం. నాడికి ఒకటిన్నర, శస్త్రచికిత్సకు ఒకటిన్నర, వెరసి మూడు. డాక్టరు 'ఇది ఎంబోలిజమే' అనుకుంటే ఆరు. అంటే ఒక మనిషి అభిప్రాయం మీదే గీత అటో ఇటో పడుతోంది. ఇదేం శాస్త్రం అని విసుక్కునేవారున్నారు. నేను విసుక్కోను. పిల్లలను చూడటానికి అమెరికా వెళ్లి ఇరవై గంటలకు పైగా ప్రయాణించి వచ్చిన తల్లిదండ్రుల కథ ఈ జాబితాలో లేదు. గర్భనిరోధక మాత్రలూ లేవు. జాబితాలో చోటు దొరకనివన్నీ లోపలికి రాగలిగేది ఆ మూడు మార్కుల గుమ్మంలోంచే.

విసుక్కున్నవారు ఊరికే కూర్చోలేదు. 2006లోనే వచ్చిన సవరించిన జెనీవా కొలమానంలో అభిప్రాయానికి మార్కులే లేవు. అందులో మన రోగికి శస్త్రచికిత్సకు 2, నాడికి 5, మొత్తం 7: మధ్యస్థ అవకాశం, కాబట్టి ముందు డి-డైమర్. కోత పడి పన్నెండు రోజులే అయింది గనుక అది పెరిగే ఉంటుంది. ఆ దారిన వెళ్లినా ఆమె చేరేది దాదాపుగా సి.టి. బల్ల మీదికే, కాకపోతే ఒక గంట ఆలస్యంగా.