వెనక కొక్కెం లేని వ్యాగన్

లీగల్ ఎయిడ్ పని మీద జైలుకు వెళ్లొచ్చే ఒక లా విద్యార్థిని మొన్న అడిగింది. “మాస్టారూ, హెచ్‌ఐవీ సోకకుండా రోజూ మాత్ర వేసుకునే ఆవిణ్ని రిమాండ్‌కి పంపారనుకోండి. వారం రోజులు మాత్ర తెగిపోయింది. బయటికొచ్చాక రోజుకి రెండేసి వేసుకుంటే లెక్క సరిపోతుందా?”

సరిపోదు. ఎందుకో తెలియాలంటే కొత్తవలస వైపు రైల్వే గేటు దగ్గర కాసేపు నిలబడాలి.

కిరండూల్ నుంచి విశాఖ పోర్టుకు ఇనుప ఖనిజం మోసుకొచ్చే గూడ్సు వస్తోందంటే గేటు పడిపోతుంది. అందరూ విసుక్కుంటారు, నేను మాత్రం వ్యాగన్లు లెక్కపెడతాను. చిన్నప్పటి జబ్బు. మామూలుగా 58 దాకా ఉంటాయి. ప్రతి వ్యాగన్‌కీ ముందో కొక్కెం, వెనకో కొక్కెం. రైల్వేవాళ్లు కప్లింగ్ అంటారు. వెనక కొక్కెం లేని వ్యాగన్ ఒకటి మధ్యలో తగిలించారనుకోండి, ఇక దాని వెనక ఏదీ తగలదు. ఆ రైలు అంతే.

హెచ్‌ఐవీ జన్యువు ఆర్‌ఎన్‌ఏ రూపంలో ఉంటుంది. మన కణంలో పాతుకుపోవాలంటే అది డీఎన్‌ఏగా మారాలి. ఆ పని చేసే ఎంజైమ్ రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్. ఈ ఎంజైమ్‌ని 1970లో టెమిన్, బాల్టిమోర్ ఎవరికి వారే కనిపెట్టారు, 1975లో నోబెల్ అందుకున్నారు. డీఎన్‌ఏ అంటే ఎ, సి, జి, టి అనే నాలుగు రకాల రసాయన ముక్కల వరస, వాటినే అక్షరాలంటారు. ఈ ఎంజైమ్ ఒక్కో అక్షరాన్నీ వ్యాగన్‌లా తగిలించుకుంటూ దాదాపు 10 వేల వ్యాగన్ల రైలు కడుతుంది. ఇక్కడ వెనక కొక్కెం అంటే ప్రతి అక్షరంలోని చక్కెర భాగంలో మూడో కార్బన్ మీదుండే హైడ్రాక్సిల్, అంటే ఆక్సిజన్-హైడ్రోజన్ జంట. ఆవిడ వేసుకునే మాత్రలో రెండు మందులుంటాయి: టెనోఫోవిర్ ‘ఎ’ అక్షరం వేషంలోనూ, ఎమ్‌ట్రిసిటబీన్ ‘సి’ వేషంలోనూ వస్తాయి. రెండింటికీ ఆ హైడ్రాక్సిల్ లేదు. మన కణాల సొంత ఎంజైములు ఈ దొంగ వ్యాగన్లను అంత తేలిగ్గా దగ్గరకు రానివ్వవు. వైరస్ ఎంజైమ్‌కు తప్పు దిద్దుకునే అలవాటు లేదు. ఆ అజాగ్రత్తతోనే అది ఇన్ని రూపాలు మారుస్తుంది, ఆ అజాగ్రత్త వల్లే ఇక్కడ దొరికిపోతుంది.

మింగిన మాత్ర ఇంకా దొంగ వ్యాగన్ కాదు. కణంలోకి చేరి రెండు ఫాస్ఫేట్లు తగిలించుకుని, టెనోఫోవిర్ డైఫాస్ఫేట్ అయ్యాకే యార్డులోకి, అంటే రైలు కట్టే చోటికి వస్తుంది. అప్పటికే అక్కడ అసలైన ‘ఎ’ వ్యాగన్లు, అంటే డీఏటీపీ అణువులు, బారులు తీరి ఉంటాయి. ఎంజైమ్ చేతికి ఏది తగులుతుందన్నది రెండింటి నిష్పత్తిని బట్టి ఉంటుంది. ఆడవాళ్ల సంగతి వేరయ్యేది ఇక్కడే. మలాశయ కణజాలంతో పోలిస్తే యోని కణజాలానికి టెనోఫోవిర్ చాలా తక్కువ చేరుతుంది, పైగా అక్కడ అసలు వ్యాగన్లే ఎక్కువ. అందుకే స్వలింగ సంబంధాలున్న మగవాళ్లకు వారానికి నాలుగు మాత్రలతోనూ మంచి రక్షణ కనిపించింది గానీ, ఆడవాళ్లు దాదాపు రోజూ వేసుకోవాల్సిందే. వాళ్లకు రక్షణ నిండడానికి సుమారు 21 రోజులని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్క.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు వద్దాం. మాత్ర లేని రోజుల్లో వైరస్ దూరి రైలు మొత్తం కట్టేసుకుంటే, ఇంటెగ్రేజ్ అనే మరో ఎంజైమ్ దాన్ని మన క్రోమోజోములో అతికించేస్తుంది. ఆ తర్వాత యార్డులో ఎన్ని దొంగ వ్యాగన్లు నింపినా వెళ్లిపోయిన రైలు వెనక్కి రాదు. అందుకే రైలు వెళ్లకముందే చేయాల్సిన పని వేరే ఉంది. వైరస్ సోకే అవకాశం ఎదురైన 72 గంటల్లోపు డాక్టరు దగ్గరికి వెళ్లి 28 రోజుల మందు మొదలుపెట్టాలి. మాత్ర మళ్లీ మొదలుపెట్టే ముందు హెచ్‌ఐవీ పరీక్ష తప్పనిసరి. వైరస్ ఉన్న ఒంట్లో ఈ రెండు మందులే వేస్తే లొంగని రకాలను మనమే పెంచినట్టవుతుంది.

ఇంకో తంటా ఉంది. “రోజూ వేస్తే వేడి చేస్తుంది, మధ్యలో రెండు రోజులు ఆపాలి” అనేవాళ్లు మన వీధుల్లో బోలెడుమంది. మొదట్లో కాస్త వికారం ఉండొచ్చు, కిడ్నీ పరీక్షలు చేయించుకోవాలి. వేడి సంగతి మాత్రం మజ్జిగకు వదిలేయండి.

మళ్లీ జైలు సంగతికి వద్దాం. అమెరికాలో కేసుల్లో ఉన్న ఆడవాళ్లలో ఎక్కువమంది జైల్లో ఉండరు, ప్రొబేషన్ మీద, అంటే అధికారి నిఘాలో బయటే ఉంటారు. లోపలికి వెళ్లినా చాలామంది కొద్ది వారాల్లోనే బయటికొస్తారు. అక్కడ వాళ్లను కదిపి చూస్తే, అర్హులైనవాళ్లలో చాలామంది ఈ మాత్ర పేరే విని ఉండరు. మన దగ్గర కొన్నాళ్ల కిందటిదాకా సెక్స్ వర్కర్ సంచిలో కండోమ్ దొరికితే అదే నేరానికి సాక్ష్యమయ్యేది. అలా చూడకూడదని 2022 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటి చోట సంచిలో మాత్రల సీసా పెట్టుకు తిరగాలంటే ఎంత టెన్షనో ఊహించుకోండి.

సంచితో పనిలేని మందూ వచ్చింది. లెనకాపవిర్‌ని ఆరు నెలలకోసారి పొట్ట చర్మం కింద సూదితో ఇస్తారు. అది కొక్కేల జోలికి వెళ్లదు, జన్యువును మోసే క్యాప్సిడ్ అనే డబ్బాను పట్టుకుని దాని పని చెడగొడుతుంది. 2024లో దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో ఈ సూది వేయించుకున్న 2,134 మంది యువతుల్లో ఒక్కరికీ హెచ్‌ఐవీ సోకలేదు. దీని జనరిక్ తయారీకి అనుమతి పొందినవాటిలో హైదరాబాదు కంపెనీలు డాక్టర్ రెడ్డీస్, హెటిరో ఉన్నాయి. పేద దేశాలకు 2027 నుంచి ఏడాదికి 40 డాలర్లకే ఇస్తామన్నాయి. హెటిరో ఫ్యాక్టరీ ఒకటి మన నక్కపల్లిలోనే ఉంది.

ఇదంతా విని ఆ అమ్మాయి కాసేపు ఊరుకుంది. “సరే మాస్టారూ, రెండో సూది తేదీ ఎక్కడ రాసుకోవాలి? ఫోను పోలీస్ స్టేషన్లో ఉండిపోతుంది. కేసు కాగితాల మీద రాస్తే అందరూ చూస్తారు.” నాకు వెంటనే ఏమీ తోచలేదు. తనే చెప్పింది: “పిల్లల టీకా కార్డు వెనక. దాన్నెవరూ అనుమానించరు.”