బెర్లిన్‌లో లోకల్స్ ఇంట్లో ఉంటూ ఒంటరిగా తిరగడం: అపోహలు - వాస్తవాలు

నేను బెర్లిన్‌లో ఉంటా. మా హాల్లో ఒక సోఫా బెడ్ ఉంది, ఊరు చూడ్డానికి బ్యాగేసుకుని ఒక్కళ్ళే వచ్చేవాళ్ళు దాని మీద పడుకుంటుంటారు, నేను కూడా యూరప్‌లో ఎక్కడికెళ్ళినా వీలైతే అక్కడివాళ్ళ ఇంట్లోనే దిగుతా. ఇలా డబ్బు తీసుకోకుండా ఇంట్లో బస ఇచ్చేవాళ్ళనీ (వీళ్ళనే హోస్టులంటారు), బస కావాల్సినవాళ్ళనీ కలిపే కౌచ్‌సర్ఫింగ్ లాంటి సైట్లున్నాయి. కాబట్టి వాటిలో రిక్వెస్ట్ పంపడమూ తెలుసు, వచ్చిన రిక్వెస్టులు చదివి సరే అనడమో కాదనడమో కూడా తెలుసు. ఈమధ్య జర్మనీలో, ఐర్లాండ్‌లో చదువుకుంటున్న మన పిల్లలు దీని గురించి బాగా అడుగుతున్నారు, కానీ చాలామంది ఎవరో చెప్పిన తప్పుడు మాటలు పట్టుకుని వస్తున్నారు, అందుకే వివరంగా రాస్తున్నా.

అపోహ: ఇది ఫ్రీ హోటల్ లాంటిది, పైసా ఖర్చుండదు.

వాస్తవం: బస చేసినందుకు డబ్బులు తీసుకోరు, అది నిజం. రాత్రికి ఇంత అని ఎవరైనా అడిగితే ఆ ఇంటికి వెళ్ళకండి, అది సైట్ రూల్స్‌కే విరుద్ధం. అయితే మీరు టైమ్ ఇవ్వాలి. పొద్దున బ్యాగ్ పడేసి వెళ్ళి అర్ధరాత్రి వచ్చి పడుకుంటానంటే హాస్టల్ (ప్రయాణికులకి తక్కువ డబ్బుకి మంచం అద్దెకిచ్చే చోటు) బుక్ చేసుకోండి, తప్పేం లేదు, ఆ పద్ధతికి హాస్టలే కరెక్ట్. బెర్లిన్‌లో అద్దెకి ఇల్లు దొరకడమే గగనం, ఇద్దరు ముగ్గురు కలిసి ఒక ఫ్లాట్ పంచుకుని ఉంటారు, అందరికీ ఒకటే బాత్రూమ్, అలాంటి ఇంట్లోకి మిమ్మల్ని రానిచ్చి తాళంచెవి కూడా చేతికిస్తున్నారంటే ఒక్క సాయంత్రమైనా వాళ్ళతో కూర్చుని మాట్లాడాలి కదా. ఇక కౌచ్‌సర్ఫింగ్ సైట్ కూడా 2020 మే నుంచి చాలా దేశాల్లో మెంబర్‌షిప్ ఫీజు అడుగుతోంది. అలాంటి సైట్లే అయిన బీవెల్కమ్, ట్రస్ట్‌రూట్స్ ఇప్పటికీ ఫ్రీ. సర్వాస్ వీటన్నిటికంటే పాతది, 1949లో డెన్మార్క్‌లో శాంతి ఉద్యమంగా మొదలైంది, వాళ్ళు ముందు మీతో మాట్లాడి, నచ్చితేనే పరిచయ పత్రం ఇస్తారు.

అపోహ: ఆడపిల్లలకి ఇది అస్సలు కుదరదు. దీనికి ఎదురు అపోహ: ప్రొఫైల్ వెరిఫైడ్ అయితే చాలు, భయం లేదు.

వాస్తవం: రెండూ తప్పే, రెండోది ఇంకా ప్రమాదం. వెరిఫైడ్ అనే గుర్తు ఉందంటే ఆ మనిషి మీద కేసులు లేవని ఎవరో విచారించారని కాదు. నమ్మాల్సింది రిఫరెన్సులు, అంటే ముందు ఆ ఇంట్లో దిగినవాళ్ళు రాసిన మాటలు, అవి కూడా ఎన్ని ఉన్నాయని లెక్కపెట్టడం కాదు, ఒక్కొక్కటీ కూర్చుని చదవాలి. ఒంటరిగా వచ్చిన అమ్మాయిలు ఏం రాశారు? మంచిమాట రాస్తూనే ఎక్కడైనా నసిగారా? ఒక మగ హోస్ట్ అమ్మాయిలకి మాత్రమే ఇల్లు ఇస్తుంటే అక్కడితో ఆపేయండి, ఆలోచించాల్సిన పని కూడా లేదు. పడుకునే చోటు ఏంటో ప్రొఫైల్‌లో రాసుంటుంది, వేరే గదా, హాలా, హోస్ట్ గదిలోనేనా, ఒకే మంచమా అని, అది చూడకుండా వెళ్ళి అక్కడ గుమ్మంలో నిలబడి ఇబ్బంది పడకూడదు. ఆడవాళ్ళ ఇళ్ళు, కుటుంబాలు వెతికితే దొరుకుతాయి, మొదటిసారి వాళ్ళతోనే మొదలుపెట్టండి. ముందు పగటిపూట ఏదైనా కేఫ్‌లో కలుద్దామని అడగండి, మంచి హోస్ట్ ఎవరూ దానికి నొచ్చుకోరు. అడ్రస్, హోస్ట్ ప్రొఫైల్ లింకు ఇంట్లో ఒకరికి పంపండి, మాటలన్నీ యాప్‌లోనే నడపండి. అన్నిటికంటే ముఖ్యం, ఆ రాత్రికే లేచి హాస్టల్‌కి వెళ్ళిపోయేంత డబ్బు ఎప్పుడూ చేతిలో ఉంచుకోండి. మనసుకి ఏదో తేడాగా అనిపిస్తే కారణం చెప్పాల్సిన అవసరం లేదు, మొహమాటం వద్దు, బ్యాగ్ తీసుకుని బయటికొచ్చేయండి. జర్మనీలో పోలీసు నంబర్ 110, అంబులెన్స్‌కి 112. డబ్బు లేక వేరే దారి లేక తెలియనివాళ్ళ ఇంట్లో ఉండే పరిస్థితి మాత్రం ఎప్పుడూ తెచ్చుకోవద్దు, ఇది అబ్బాయిలకి కూడా చెప్తున్నా.

అపోహ: ఒకే మెసేజ్ యాభైమందికి పంపితే ఎవరో ఒకరు ఒప్పుకుంటారు.

వాస్తవం: మొదటి లైన్‌లోనే తెలిసిపోతుంది మాకు. నేను ప్రొఫైల్‌లో తోట పని ఇష్టమని రాస్తే, టెంపెల్‌హోఫ్‌లో జనం కలిసి కూరగాయలు పెంచుకునే మడులు చూడాలని ఉంది, తీసుకెళ్తారా అని అడిగినవాళ్ళకి వెంటనే సరే అంటా. (ఆ టెంపెల్‌హోఫ్ ఒకప్పుడు ఎయిర్‌పోర్ట్, 2008లో మూసేశారు, 2010 నుంచి జనానికి పార్కు, పాత రన్‌వే మీద సైకిల్ తొక్కొచ్చు, తప్పకుండా చూడండి.) ఎప్పుడొస్తారు, ఎన్ని రాత్రులు, ఏం తినరు, ఇవి స్పష్టంగా రాయండి. రెండు మూడు రాత్రులకి మించి అడగొద్దు.

అపోహ: అడ్రస్ ఉంటే ఇల్లు దొరుకుతుంది.

వాస్తవం: ఇక్కడ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఫ్లాట్ నంబర్లుండవు, బెల్లు పక్కన ఇంటిపేర్లుంటాయి. హోస్ట్ బెల్లు మీద ఏ పేరుందో ముందే అడగాలి, బిల్డింగ్ ముందు భాగమా, వెనక పెరట్లో ఉండే భాగమా, ఎన్నో అంతస్తు, ఇవి కూడా. పాత బిల్డింగుల్లో చాలావాటికి లిఫ్ట్ ఉండదు, అయిదో అంతస్తుకి పెద్ద సూట్‌కేసు మోయడం కంటే భుజాన ఒక్క బ్యాగు హాయి. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగు కాకముందే చీకటి పడిపోతుంది, వీలైతే మధ్యాహ్నానికే ఊళ్ళోకి చేరేలా టికెట్ తీసుకోండి.

అపోహ: గిఫ్ట్ ఖరీదైనది పట్టుకెళ్ళాలి.

వాస్తవం: ఒకపూట వంట చేసి పెట్టండి, చాలు. పులిహోర ఇక్కడివాళ్ళకి భలే నచ్చుతుంది, చింతపండు, ఆవాలు, ఎండుమిర్చి అన్నీ బెర్లిన్‌లో ఏషియన్ షాపుల్లో దొరుకుతాయి. తాలింపు పెట్టేటప్పుడు కిటికీ తెరవండి. ఇండియా నుంచి నెయ్యి, పాలకోవా మాత్రం తేవద్దు, యూరోపియన్ యూనియన్‌లోకి ప్రయాణికులు పాల పదార్థాలు, మాంసం తీసుకురాకూడదు, ఎయిర్‌పోర్ట్‌లో పట్టుకుంటే పారేస్తారు. పల్లీపట్టీ తెచ్చుకోండి. చెప్పులు గుమ్మం దగ్గరే విప్పడం మనకి అలవాటే, ఇక్కడ కూడా చాలా ఇళ్ళల్లో అంతే. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా చప్పుడు చేయకూడదు, పది దాటాక వీడియో కాల్‌లో అమ్మతో గట్టిగా మాట్లాడితే పక్కింటివాళ్ళు అడిగేది హోస్ట్‌నే. ఆదివారం సూపర్‌మార్కెట్లు దాదాపు అన్నీ మూత, వంట సామాన్లు శనివారమే కొనేయండి.

అపోహ: హోస్ట్ ఇన్విటేషన్ లెటర్ ఇస్తే వీసా వచ్చేస్తుంది.

వాస్తవం: ఇది అడిగి చాలామంది మంచి హోస్టుల్ని పోగొట్టుకుంటున్నారు. జర్మనీలో ఆ అధికారిక హామీ పత్రం ఇవ్వాలంటే హోస్ట్ ఇమ్మిగ్రేషన్ ఆఫీసుకి వెళ్ళి ఆదాయం చూపించాలి, మీ ఖర్చు ప్రభుత్వం మీద పడితే వాళ్ళు కట్టాలి. చుట్టాల దగ్గరో దగ్గరి స్నేహితుల దగ్గరో తీసుకునే కాగితం అది, ముఖం చూడని మనిషిని అడిగేది కాదు. షెంగెన్ (యూరప్‌లో ఒకే వీసాతో తిరగగలిగే దేశాల గుంపు) వీసాకి ఎక్కడుంటారో ఆధారం, కనీసం 30,000 యూరోల ఇన్సూరెన్స్, ఖర్చులకి డబ్బు, ఇవన్నీ మీ సొంతంగా చూపించుకోండి. జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉన్నవాళ్ళు మిగతా షెంగెన్ దేశాల్లో 180 రోజుల్లో 90 రోజులు వీసా లేకుండా తిరగొచ్చు. ఐర్లాండ్ షెంగెన్‌లో లేదు కాబట్టి డబ్లిన్ నుంచి వచ్చేవాళ్ళు వీసా తీసుకోవాల్సిందే.

అపోహ: బెర్లిన్ మెట్రోలో గేట్లు లేవు, టికెట్ ఎవరూ చూడరు.

వాస్తవం: మామూలు బట్టల్లో వచ్చి చూస్తారు, లేకపోతే 60 యూరోలు ఫైన్. కాగితం టికెట్ అయితే ఎక్కేముందు మెషిన్‌లో స్టాంప్ కూడా వేయాలి, వేయకపోతే టికెట్ లేనట్టే లెక్క. బెర్లిన్ టికెట్లకి ఏ, బీ, సి అని మూడు జోన్లుంటాయి, ఎయిర్‌పోర్ట్ సి జోన్‌లో ఉంది, దిగగానే ఏబీసీ టికెట్ కొనండి, ఏబీ సరిపోదు.