బ్రౌజర్‌లో మ్యాథ్ లైబ్రరీ: అపోహలు - వాస్తవాలు

బిల్లింగ్ పేజీలో పైసా తేడా వస్తే అందరూ ముందు మ్యాథ్ లైబ్రరీనే, అంటే లెక్కల కోసం ముందే రాసిపెట్టిన కోడ్‌నే, అనుమానిస్తారు. నేను చూసినంతలో, అంకె లైబ్రరీ చేతికి అందకముందే పాడై ఉంటుంది. లేదంటే అందులోంచి బయటికి వచ్చాక పాడవుతుంది.

అపోహ: లైబ్రరీ లింక్ ఇస్తే చాలు, దశాంశాలు సరిగ్గా వచ్చేస్తాయి.

రావు. జావాస్క్రిప్ట్‌లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది, ఎందుకంటే 0.1 అనే అంకె బైనరీలో పూర్తిగా ఇమడదు. మ్యాథ్.జెఎస్ అనే లైబ్రరీ తెచ్చి దాని యాడ్ ఫంక్షన్‌తో కలిపినా ఇదే జవాబు. సెట్టింగ్ మార్చకపోతే అది కూడా మామూలు నంబర్లతోనే లెక్క కడుతుంది. దశాంశాలను కచ్చితంగా ఉంచే బిగ్‌నంబర్ రకం కావాలని మనమే చెప్పాలి.

సర్వర్ నుంచి జేసన్‌లో (డేటా పంపే టెక్స్ట్ ఫార్మాట్) వచ్చే పెద్ద అంకెలతో ఇంకా జాగ్రత్త. 9007199254740993 అని పంపితే, పార్స్ అయ్యేసరికి (బ్రౌజర్ దాన్ని చదివి నంబర్‌గా మార్చేసరికి) చివరి 3 కాస్తా 2 అయిపోతుంది. ఆ తర్వాత ఏ లైబ్రరీకి ఇచ్చినా పోయిన అంకె తిరిగి రాదు. అందుకే అలాంటివాటిని స్ట్రింగ్‌గా, అంటే కోట్స్‌లో పెట్టిన అక్షరాల్లా, పంపమని సర్వర్ టీమ్‌ని గట్టిగా అడగండి.

అపోహ: డెసిమల్.జెఎస్ లైబ్రరీతో అంకెను డెసిమల్ ఆబ్జెక్ట్‌గా చేశాక మామూలు ప్లస్ గుర్తు వాడొచ్చు.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. డెసిమల్.జెఎస్‌లో ధర 100, జీఎస్టీ 18 అని రెండు ఆబ్జెక్టులు చేసి మధ్యలో ప్లస్ గుర్తు పెట్టి చూడండి. 118 రాదు, 10018 వస్తుంది. రెండూ స్ట్రింగ్‌లుగా మారి పక్కపక్కన అతుక్కుంటాయి, ఎర్రర్ కూడా రాదు. గుణకారం గుర్తు పెడితే ఇంకా మోసం: జవాబు సరిగ్గానే కనిపిస్తుంది, కానీ లోపల మళ్లీ మామూలు నంబర్‌తోనే లెక్క జరిగిపోయి ఉంటుంది. లైబ్రరీ ఇచ్చిన ప్లస్, టైమ్స్ ఫంక్షన్లే వాడాలి.

అపోహ: సీడీఎన్ (లైబ్రరీ ఫైళ్లను అందరికీ అందించే బయటి సర్వర్లు) నుంచి తెస్తే వేరే సైట్ వల్ల ముందే బ్రౌజర్ క్యాష్‌లో (దాచిపెట్టుకున్న కాపీల్లో) ఉంటుంది.

ఒకప్పటి మాట. 2020లో క్రోమ్ 86, 2021లో ఫైర్‌ఫాక్స్ 85 వచ్చాక ఏ సైట్ క్యాష్ ఆ సైట్‌దే. సఫారీ అయితే అంతకుముందు నుంచే అంతే. సీడీఎన్ తప్పనిసరైతే వెర్షన్ నంబర్ కచ్చితంగా రాయండి, ఫైల్ మారితే బ్రౌజర్ ఆపేసేలా ఇంటెగ్రిటీ హాష్ పెట్టండి. 2024లో, ఇలాగే సైట్లకు కోడ్ అందించే పాలీఫిల్.ఐవో డొమైన్ చేతులు మారాక లక్షకు పైగా సైట్లలోకి చెడ్డ కోడ్ వెళ్లింది.

అపోహ: డబ్బు లెక్క అంటే లైబ్రరీ ఉండాల్సిందే.

చాలా పేజీలకు అక్కర్లేదు. రూపాయలను పైసలుగా మార్చి పూర్ణాంకాలతో లెక్క కట్టండి. మామూలు నంబర్‌లోనే సుమారు 90 లక్షల కోట్ల రూపాయల దాకా పైసాతో సహా సరిగ్గా నిలుస్తుంది. పన్ను శాతం తీసేటప్పుడు మాత్రం రౌండింగ్ తప్పదు. అది ఒక్కో వస్తువు దగ్గర చేయాలా, మొత్తం బిల్లు మీద చేయాలా అన్నది కోడ్ మొదలుపెట్టకముందే అకౌంటెంట్‌ని అడిగి రాయించుకోండి.