విదేశాల్లో ఇంగ్లిష్ చెబుతూ బడి మారాలనుకుంటే: అపోహలు - వాస్తవాలు

కొరియాలో కొన్నాళ్లు, తర్వాత జపాన్‌లో ఇంగ్లిష్ చెప్పాను. ఇప్పుడు కొత్తగా వెళ్లే టీచర్లకు కాగితాలు చూసిపెడుతుంటాను. "రాజీనామా ఇచ్చేశానండీ, ఇప్పుడు వీసా సంగతేంటి?" అని ఎవరైనా అడిగితే నాకే టెన్షన్ మొదలవుతుంది, ఎందుకంటే అది రాజీనామాకు ముందు అడగాల్సిన ప్రశ్న.

అపోహ: వీసా మీద నా పేరుంది కాబట్టి అది నాదే. ఎక్కడ పనిచేసినా గడువు తేదీ దాకా చెల్లుతుంది.

వాస్తవం: ఒక్కో దేశంలో ఒక్కో తీరు. జపాన్‌లో నివాస హోదా, అంటే అక్కడ ఉండి ఫలానా రకం పని చేసుకునే అనుమతి, మనిషికి ఇస్తారు, బడికి కాదు, అందుకే ఉద్యోగం మానేసినంత మాత్రాన అది వెంటనే పోదు. కానీ మానేసిన 14 రోజుల్లోపు ఇమిగ్రేషన్‌కు తెలియజేయాలి, కొత్తచోట చేరాక మళ్లీ 14 రోజుల్లోపు తెలియజేయాలి, సరైన కారణం లేకుండా మూడు నెలలు ఆ పని చేయకుండా ఉంటే హోదా రద్దు చేసే అధికారం వాళ్లకుంది. ఇందులో చాలామంది దెబ్బతినే మెలిక ఇంకొకటుంది. ప్రైవేటు ఇంగ్లిష్ సంస్థలో చెప్పేవాళ్ల హోదా వేరు, ప్రభుత్వ బడిలో చెప్పేవాళ్లకిచ్చే 'ఇన్‌స్ట్రక్టర్' హోదా వేరు. చెప్పేది అవే పాఠాలైనా, అక్కణ్నుంచి ఇక్కడికి మారితే హోదా కూడా మార్చుకోవాలి.

థాయ్‌లాండ్‌లో పరిస్థితి పూర్తిగా వేరు. అక్కడ వర్క్ పర్మిట్ మీద యజమాని పేరు ఉంటుంది, ఉద్యోగంతోపాటే అక్కడ ఉండే అనుమతీ ముగుస్తుంది. చివరి పనిదినం ఏ తేదీ అని రాసుకుంటారో అదే మీ ప్రాణం, కాబట్టి కొత్త బడివాళ్లతో మాట్లాడుకోకుండా ఆ తేదీ ఒప్పుకోకండి.

అపోహ: రిలీజ్ లెటర్, అంటే వేరేచోట చేరడానికి అభ్యంతరం లేదని పాత యజమాని రాసిచ్చే ఉత్తరం, మర్యాద కోసం ఇచ్చే కాగితం.

వాస్తవం: కొరియాలో ఈ-2 వీసా (విదేశీ భాషా టీచర్లకిచ్చేది) మీద ఉండి ఒప్పందం మధ్యలో బడి మారాలంటే ఆ ఉత్తరమే ఆధారం. దాన్ని ఇచ్చి తీరాలన్న నిర్బంధం యజమానికి లేదు. నాతో పనిచేసిన ఒకమ్మాయి జీతం ఆలస్యమైందని కోపంతో ఒక్క రోజులో మానేసింది. కోపం న్యాయమైనదే, కానీ ఉత్తరం రాలేదు, చేతిలో ఉన్న కొత్త ఆఫర్ పోయింది, ఆమె దేశం విడిచి వెళ్లాల్సి వచ్చింది. ముందు ఉత్తరం సంతకంతో చేతికి తీసుకోండి, జీతం గొడవకు లేబర్ ఆఫీసు ఎలాగూ ఉంది. చైనాలోనూ పాత వర్క్ పర్మిట్ రద్దయినట్టు పత్రం లేకపోతే కొత్త బడి దరఖాస్తు ముందుకు కదలదు.

అపోహ: టూరిస్ట్ వీసా మీద చేరిపోండి, తర్వాత మార్పిస్తామని బడివాళ్లే చెప్పారు.

వాస్తవం: తనిఖీ వస్తే పట్టుబడేది మీరు. ఆ మాట చెప్పిన బడిని అక్కడితో వదిలేయండి.

అపోహ: డిగ్రీ పట్టాకు అపోస్టిల్ (విదేశాల్లో చెల్లడానికి వేయించే అధికారిక ధ్రువీకరణ) ఒకసారి చేయించాను, ఇక అన్ని దేశాలకూ అవే కాగితాలు సరిపోతాయి.

వాస్తవం: పట్టా సంగతి ఎలా ఉన్నా, నేరచరిత్ర లేదన్న పోలీసు పత్రం పాతబడిపోతుంది. కొరియా ఆరు నెలల లోపుది అడుగుతుంది. వేరే దేశంలో కూర్చుని దాన్ని తెప్పించుకోవడానికి వారాలు పడుతుంది, అందుకే మారాలన్న ఆలోచన వచ్చిన రోజే దరఖాస్తు పెట్టేయమంటాను.

అపోహ: ఖాళీ సమయంలో ఇంటి ట్యూషన్, అదీ నగదు, ఎవరికి తెలుస్తుంది?

వాస్తవం: ఈ-2 మీద ప్రైవేటు ట్యూషన్ చట్టవిరుద్ధం, రెండో బడిలో చెప్పాలన్నా ముందే అనుమతి కావాలి. తల్లిదండ్రులు ఎంత ఆప్యాయంగా అడిగినా "నా వీసా ఒప్పుకోదండీ" అని సూటిగా చెప్పండి. నేను చెప్పిన ప్రతిసారీ వాళ్లు అర్థం చేసుకున్నారు.