ఇద్దరమ్మాయిలు కలిసి ట్రిప్‌కి వెళ్తే: బెంగళూరు నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

బెంగళూరులో ఉంటూ అమ్మాయిల కోసం చిన్న చిన్న గ్రూప్ ట్రిప్పులు నడుపుతాను. వచ్చేవాళ్లలో ఎక్కువమంది లెస్బియన్లు, బైసెక్సువల్ అమ్మాయిలు. కొందరు జంటగా వస్తారు, చాలామంది ఒంటరిగానే. మన తెలుగువాళ్లు బాగానే ఉంటారు, మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ పీజీల్లో ఉండి ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, పండక్కి ఇంటికెళ్తే సంబంధాల ఫోటోలు చూపిస్తారని సెలవు పెట్టడానికే భయపడేవాళ్లు. డబ్బు కట్టే ముందు వీళ్లు అడిగే ప్రశ్నలు వింటుంటే నాకు ఒకటే అనిపిస్తుంది, అక్కర్లేని చోట వణికిపోతున్నారు, జాగ్రత్త పడాల్సిన చోట అసలు పట్టించుకోవట్లేదు. అందుకే ఇది కాస్త వివరంగా రాస్తున్నాను.

అపోహ: ఇద్దరమ్మాయిలు ఒకే గది అడిగితే హోటల్‌వాళ్లు ఇవ్వరు, ఇచ్చినా పోలీసులు వస్తారు.

వాస్తవం: ఇవ్వకూడదని చెప్పే చట్టం ఏదీ లేదు. మేజర్లు ఇష్టపడి పెట్టుకునే స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన ఐపీసీ 377 సెక్షన్ భాగాన్ని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న కొట్టేసింది. హోటల్‌కి కావాల్సింది ప్రతి ఒక్కరి ఫోటో ఐడీ, రిజిస్టర్‌లో పేరు, అడ్రస్, ఫోన్ నంబర్, ఎక్కడి నుంచి వచ్చారు, ఎక్కడికి వెళ్తారు. మీరిద్దరూ ఒకరికొకరు ఏమవుతారో సంజాయిషీ చెప్పుకోవాల్సిన పని లేదు. నిజం చెప్పాలంటే అబ్బాయీ అమ్మాయీ వస్తే పైనుంచి కిందికి చూసే రిసెప్షన్ కూడా ఇద్దరమ్మాయిల్ని చూసి ఫ్రెండ్స్ అనుకుని తాళం చేతిలో పెట్టేస్తుంది. మడివాళలో ఎక్కే స్లీపర్ బస్సు కూడా అంతే, డబుల్ బెర్త్‌లో ఒకటి అమ్మాయి పేరు మీద బుక్ అయితే పక్కది చాలా యాప్‌లలో ఆడవాళ్లకి మాత్రమే అని చూపిస్తుంది.

ఆపేది ఇంకోటి ఉంది, లోకల్ ఐడీ. బెంగళూరు అడ్రస్ ఉన్న ఆధార్ చూపించి బెంగళూరులోనో, ఊరి పక్క రిసార్ట్‌లోనో గది అడిగితే కొన్ని హోటళ్లు కుదరదంటాయి. అది చట్టం కాదు, వాళ్లు పెట్టుకున్న రూల్, అయినా రాత్రి పదకొండింటికి కౌంటర్ దగ్గర నిలబడి వాదించే ఓపిక ఎవరికుంటుంది? ముందే ఫోన్ చేసి అడగండి. పాన్ కార్డులో అడ్రస్ ఉండదు కాబట్టి దాన్ని తీసుకోరు. ఆధార్ జిరాక్స్ ఇవ్వాల్సి వస్తే నంబర్‌లో చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఉంటుంది, అది డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

అపోహ: లెస్బియన్ల ట్రిప్ అంటే పార్టీ, మందు, గోల.

వాస్తవం: నన్ను ఎక్కువగా అడిగేది నిద్ర. నిజంగా. పీజీలో ముగ్గురితో గది పంచుకునే అమ్మాయికి తన పార్ట్‌నర్‌తో తలుపు వేసుకుని, ఎవరూ తట్టకుండా తొమ్మిదింటి దాకా పడుకోవడమే పెద్ద విలాసం. సక్‌లేశ్‌పుర కాఫీ తోటల్లో రెండు రాత్రులు, వేడి అక్కి రొట్టె, చేయి పట్టుకుని నడవడానికి ఒక దారి ఉంటే చాలు. గోకర్ణ అయితే నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది, వానాకాలంలో ఓం బీచ్ నుంచి హాఫ్ మూన్ వైపు పడవలు తిరగవు, సముద్రంలోకి దిగడం కూడా ప్రమాదం. ఎండలకి భయపడకపోతే గండికోట పెట్టుకోవచ్చు, పెన్నా లోయ అంచున తెల్లవారుజామున కూర్చుంటే మాటలు అక్కర్లేదు, మర్నాడు బెలుం గుహలు చూసి రావచ్చు. కాకపోతే గండికోట అనగానే గ్రూపులో ఎవరో ఒకరు "వద్దక్కా, మా పెద్దనాన్న వాళ్లది జమ్మలమడుగు" అంటారు. అది చిన్న విషయం కాదు. బంధువులున్న దిక్కుకి వెళ్లి రెండు రోజులు వెనక్కి తిరిగి చూసుకుంటూ తిరగడం కన్నా కర్ణాటక వైపే మేలు, అందుకే ఊరు ఖాయం చేసే ముందు ఏ ప్రాంతం వద్దో అందర్నీ విడివిడిగా అడుగుతాను, కారణం చెప్పమనను.

అపోహ: మామూలు లేడీస్ ఓన్లీ ట్రిప్పులు ఉన్నాయిగా, వేరే గ్రూపు ఎందుకు?

వాస్తవం: వాటితో వెళ్లండి, బాగానే ఉంటాయి. కానీ రాత్రి మంట చుట్టూ కూర్చుని ఒక్కొక్కరూ పరిచయం చేసుకునేటప్పుడు "మీవారు ఏం చేస్తారు?", "ఇంకా పెళ్లి చేసుకోలేదా?" మొదలవుతుంది. అడిగేవాళ్లది చెడ్డ మనసు కాదు. అయినా రోజూ ఆఫీసులో అల్లే కథనే సెలవు పెట్టి మరీ వచ్చిన చోట కూడా అల్లాలంటే మనిషి అలసిపోతుంది. మా గ్రూపులో ఆ కథ అక్కర్లేదు, "మా ఆవిడకి కారం పడదు" అని వంటాయనతో చెప్పినా ఎవరూ తలెత్తి చూడరు. నేను ఈ పని వదలకుండా చేస్తున్నది ఆ ఒక్క సౌకర్యం కోసమే.

అపోహ: ఇలాంటివి జంటలకే.

వాస్తవం: కాదు. ఒంటరిగా వచ్చేవాళ్లే ఎక్కువ. వాళ్లని గదుల్లో ఎలా సర్దుతారో నిర్వాహకుల్ని గట్టిగా అడగండి. "ఇద్దరూ అమ్మాయిలే కదా" అని ముక్కూ మొహం తెలియని ఇద్దర్ని ఒక మంచం మీద పడుకోమనడం తప్పు. విడి మంచాలు ఉండాలి, ముందురోజు ఇద్దరూ ఒకసారి ఫోన్‌లో మాట్లాడుకోవాలి, నచ్చకపోతే మార్చుకునే వీలుండాలి. ట్రాన్స్ మహిళలు వస్తారా అనీ అడుగుతారు. వస్తారు, రావాలి కూడా. ఐడీలో పేరు వేరేగా ఉంటే హోటల్‌తో నేను ముందే మాట్లాడి పెడతాను, కౌంటర్ దగ్గర పాత పేరు పెట్టి గట్టిగా పిలవకుండా.

అపోహ: ఊరు దాటి వచ్చేశాం, ఇక్కడ మనల్ని ఎవరు చూస్తారు?

వాస్తవం: ఇదే అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ. హోటల్ కౌంటర్ దగ్గర గుండె దడదడలాడుతుంది కానీ విషయం ఇంట్లో తెలిసేది కౌంటర్ వల్ల కాదు, ఫోన్ వల్ల. తోటలో తీసుకున్న ఫోటో గూగుల్ ఖాతాలోకి దానంతటదే బ్యాకప్ అవుతుంది, అదే ఖాతా ఊళ్లో నాన్న ఫోన్‌లోనో, హాల్లోని టీవీలోనో లాగిన్ అయి ఉంటుంది. బయల్దేరే ముందు మీ ఖాతా ఏయే ఫోన్లలో తెరిచి ఉందో సెట్టింగ్స్‌లో చూసి అనవసరమైనవి లాగవుట్ చేయండి, లేదా ఆ రెండు రోజులూ బ్యాకప్ ఆపేయండి. వాట్సాప్ గ్రూపులో ఒకరి నంబర్ అందరికీ కనిపిస్తుంది, కాబట్టి అది ఇష్టమేనా అని ముందు అడగాలి. గ్రూపు పేరు కూడా లాక్ స్క్రీన్ మీద పడుతుంది, మేం "సక్‌లేశ్‌పుర శనివారం" అని పెడతాం, మనవాళ్ల గుర్తయిన ఇంద్రధనస్సు బొమ్మలేవీ పెట్టం.

ఇంకోటి చాలామందికి తట్టదు. చెకౌట్ చేసి సామాన్లు ఎక్కిస్తుంటే రిసార్ట్ కుర్రాడు పరిగెత్తుకొచ్చి "మేడమ్, ఒక్క గ్రూప్ ఫోటో" అంటాడు. అందరూ నవ్వుతూ నిలబడతారు, ఒకరి భుజం మీద ఒకరి తల. అది సాయంత్రానికల్లా రిసార్ట్ పేజీలో ఊరి పేరుతో సహా ఉంటుంది. అందుకే బుకింగ్ అప్పుడే మా ఫోటోలు ఎక్కడా పెట్టకూడదని మెసేజ్‌లో రాయించుకుంటాను. మాలో మాకూ ఒక నియమం ఉంది, ఫ్రేమ్‌లో ఉన్న ప్రతి మనిషీ సరే అంటేనే ఫోటో బయటికి వెళ్తుంది. వెనకాల మసకగా కనిపించే అమ్మాయి కూడా మనిషే.

డ్రైవర్ సంగతి కూడా చెప్పాలి. పన్నెండు సీట్ల టీటీ (టెంపో ట్రావెలర్) మాట్లాడుకున్నప్పుడు రోజుకి మినిమం కిలోమీటర్లు ఎన్ని, బత్తా ఎంత, రాత్రి పది దాటితే ఎంత అని బేరం చేస్తాం కానీ ఆ మనిషి రెండు రోజులు మన మాటలన్నీ వింటూ మన ముందే కూర్చుంటాడని గుర్తుపెట్టుకోం. హాసన్ దాటాక అద్దంలో చూస్తూ "అందరూ ఒకే ఆఫీసా మేడమ్?" అని అడుగుతాడు, "తెలుగేనా మీరు, మాది హిందూపురం" అంటాడు. నేను తెలిసిన డ్రైవర్నే పెట్టుకుంటాను. ఎక్కించుకునేది కూడా ఎవరి పీజీ గుమ్మం ముందూ కాదు, ఏదో ఒక మెట్రో స్టేషన్ దగ్గర.

అపోహ: హోమ్‌స్టే ఓనర్లకి చెప్తే గొడవ, చెప్పకపోతేనే నయం.

వాస్తవం: జంటగా ఇద్దరే వెళ్తే చెప్పాలో వద్దో మీ ఇష్టం, ఎవరికీ బాకీ లేరు. గ్రూపు విషయంలో మాత్రం నేను చెప్పేస్తాను, "ఆడవాళ్ల గ్రూపండీ, ఇందులో జంటలున్నారు" అని. అవతల రెండు క్షణాలు మాట రాకపోతే ఆ హోమ్‌స్టే వద్దు. "సరేనమ్మా, వెజ్ ఎంతమంది?" అంటే అదే మనకి కావాల్సిన ఇల్లు. కూర్గ్, చిక్‌మగళూరు హోమ్‌స్టేలలో చాలా చోట్ల భోజనం ఇంటివాళ్లతో కలిసే, ఒకే టేబుల్ దగ్గర. అక్కడ అబద్ధంతో మూడు పూటలు నెట్టడం కష్టం.

అపోహ: ఇండియాలో కష్టం, విదేశాలకి వెళ్తే ఏ టెన్షన్ ఉండదు.

వాస్తవం: ఏ దేశం అన్నదాన్ని బట్టి ఉంటుంది. మనవాళ్లు ఎగబడి వెళ్లే చోట్లే ఎక్కువ చూసుకోవాలి. మాల్దీవుల్లో ఇద్దరాడవాళ్ల సంబంధం నేరం. రిసార్ట్ దీవుల్లో ఎవరూ పట్టించుకోనట్టు ఉన్నా చట్టం చట్టమే. దుబాయ్‌లోనూ నేరమే. శ్రీలంకలో బ్రిటిష్ కాలం నాటి సెక్షన్ మగవాళ్లకే ఉండేది, 1995లో దాన్ని సవరించి ఆడవాళ్లనీ చేర్చారు. మలేషియాలో 2018లో తెరెంగాను రాష్ట్రంలో ఇద్దరు ముస్లిం మహిళలకి షరియా కోర్టు బెత్తం దెబ్బల శిక్ష వేసి అమలు చేసింది కూడా. బాలి అంటే అందరికీ మోజు, కానీ ఇండోనేషియా 2022 డిసెంబర్‌లో ఆమోదించిన కొత్త శిక్షాస్మృతిలో పెళ్లి కాకుండా శారీరక సంబంధం నేరం, దాని మీద ఫిర్యాదు చేసే హక్కు భార్యాభర్తలకి, తల్లిదండ్రులకి, పిల్లలకే ఉంది. అంటే హోటల్‌వాడు ఫిర్యాదు చేయలేడు, కానీ ఇంట్లో తెలిసి రగిలిపోతున్న అమ్మానాన్నలు ఉన్న అమ్మాయి ఒకసారి ఆలోచించాలి.

మరి ఎక్కడికి? థాయిలాండ్‌లో 2025 జనవరి 23 నుంచి ఇద్దరమ్మాయిలు చట్టబద్ధంగా పెళ్లి చేసుకోవచ్చు, జంటగా గది అడిగితే అక్కడ వింత కాదు. తైవాన్‌లో 2019 మే నుంచే ఉంది. నేపాల్ నాకు చాలా ఇష్టం, మనకి వీసా అక్కర్లేదు, ఓటర్ కార్డుతో వెళ్లొచ్చు. అక్కడ 2023 నవంబర్‌లో మొదటిసారి స్వలింగ వివాహం నమోదైంది, ఆ జంటలో ఒకరు ట్రాన్స్ మహిళ. పోఖరాలో సరస్సు ఒడ్డున ఇద్దరమ్మాయిలు కూర్చుంటే ఎవరూ గుచ్చి చూడరు. భూటాన్ 2021లో స్వలింగ సంబంధాన్ని నేరాల జాబితా నుంచి తీసేసింది, మనవాళ్లకి రాత్రికి 1200 రూపాయల రుసుము ఉంటుంది. ఇంకాస్త దూరం, ఇంకాస్త డబ్బు అయితే గ్రీస్‌లోని లెస్బోస్ దీవి. కవయిత్రి సాఫో పుట్టిన నేల అది, అక్కడి స్కాలా ఎరెసోస్ అనే పల్లెలో ఏటా సెప్టెంబర్‌లో ఆడవాళ్ల పండగ జరుగుతుంది, ప్రపంచం నలుమూలల నుంచీ లెస్బియన్లు వస్తారు. అమెరికాలో ఒలీవియా అనే సంస్థ 1990 నుంచి లెస్బియన్ల కోసమే ఓడ ప్రయాణాలు నడుపుతోంది. అంత పెద్దది మనం ఇప్పుడే చేయలేం, కానీ అలాంటి ఒక వారం మన అమ్మాయిలకీ దక్కాలని నా కోరిక.

ఒక మాట, బ్యాంకాక్‌లో పెళ్లి చేసుకుని వస్తే ఇక్కడ చెల్లుతుందా అని అడుగుతున్నారు. చెల్లదు. 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు స్వలింగ జంటలకి పెళ్లి హక్కు ఇవ్వడానికి నిరాకరించింది.

అపోహ: లెస్బియన్లం కాబట్టే మనకి ప్రమాదం.

వాస్తవం: ట్రిప్‌లో ఎక్కువ ప్రమాదం ఆడవాళ్లం కాబట్టి. 2025 మార్చిలో హంపి దగ్గర సణాపురలో రాత్రిపూట కాలువ గట్టున కూర్చున్న పర్యాటకుల మీద దాడి జరిగింది, అత్యాచారాలు జరిగాయి, ఒకరు చనిపోయారు. దాడికి గురైనవాళ్లలో మగవాళ్లు కూడా ఉన్నారు. చీకటి పడ్డాక ఊరి బయట నక్షత్రాలు చూద్దామంటే నేను ఒప్పుకోను, ఎంతమంది అలిగినా సరే.

అపోహ: ఏదైనా అయితే పార్ట్‌నర్‌కి ఏ హక్కూ ఉండదు, చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.

వాస్తవం: హక్కులు తక్కువే, కానీ చేయగలిగినవి ఉన్నాయి. అత్యవసర వైద్యం ఎవరికైనా ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది, సంతకం పెట్టడానికి బంధువు రావాలని ఆగకూడదు. స్పృహలో ఉంటే మీ సంతకం మీరే పెట్టుకోవచ్చు. ఫోన్ లాక్ స్క్రీన్ మీద ఎమర్జెన్సీ కాంటాక్ట్‌గా పార్ట్‌నర్ నంబర్ పెట్టండి, రక్తం గ్రూపు, మందుల అలర్జీలు రాసిన కాగితం ఒకరిది ఒకరి దగ్గర ఉంచుకోండి. జాయింట్ ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి అడ్డు లేదని కేంద్ర ఆర్థిక శాఖ 2024 ఆగస్టులో స్పష్టం చేసింది, ఇది చాలామందికి తెలియదు.

ఇంట్లోవాళ్లు ఫోన్ ఎత్తలేదని మిస్సింగ్ కేసు పెడతారనే భయం కూడా ఉంటుంది. మదురై నుంచి చెన్నైకి పారిపోయి వచ్చిన ఇద్దరమ్మాయిల కేసులో మద్రాస్ హైకోర్టు జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ 2021 జూన్‌లో చెప్పింది ఇదే, వాళ్లు ఇష్టపడి కలిసున్న మేజర్లని తేలితే పోలీసులు స్టేట్‌మెంట్ తీసుకుని ఫిర్యాదు మూసేయాలి, వేధించకూడదు. ఆ ఆదేశం తమిళనాడు పోలీసులకి. బెంగళూరులో ఉన్నా మేజర్ అయిన మనిషి తన ఇష్టంతో ఎక్కడికైనా వెళ్లొచ్చు. అయితే కేసు దాకా రానివ్వడం దేనికి? సిగ్నల్ లేని ఊరికి వెళ్తున్నప్పుడు ముందే ఇంటికి ఒక మెసేజ్ పెట్టండి, "ఫ్రెండ్స్‌తో వెళ్తున్నా, సిగ్నల్ ఉండదు, ఆదివారం రాత్రి ఫోన్ చేస్తా" అని. అందులో అబద్ధం ఏమీ లేదు. ఆదివారం రాత్రి తప్పకుండా చేయండి, టీటీ నెలమంగల దాటగానే నేనే అందరికీ గుర్తుచేస్తాను.