ఫేస్‌లిఫ్ట్‌లో పైకెత్తేది దేన్ని?

నలభై దాటాక ఎప్పుడో ఒకప్పుడు అద్దం ముందు నిలబడి, చెవుల పక్కన వేళ్లు ఆనించి, చెంపల్ని వెనక్కి లాగి చూసుకుంటాం. దవడ గీత మళ్లీ తేటగా కనిపిస్తుంది. వేళ్లు తీస్తే అంతా మళ్లీ జారిపోతుంది. ఆ వేళ్లు చేసిన పనినే కత్తితో, కుట్లతో చేయడం ఫేస్‌లిఫ్ట్ అని చాలామంది అనుకుంటారు. ఒకప్పుడు డాక్టర్లూ ఇంచుమించు అలాగే చేశారు. 1901లో బెర్లిన్‌లో ఓయిగన్ హొలెండర్ అనే సర్జన్ ఒక సంపన్న మహిళకు చెవుల దగ్గర కొంత చర్మం కోసి, అంచులు దగ్గరకు లాగి కుట్టాడని చెబుతారు. మొదటి ఫేస్‌లిఫ్ట్‌గా ఎక్కువమంది లెక్కవేసేది దాన్నే. ఆ తర్వాత డెబ్భై ఏళ్లపాటు ఈ ఆపరేషన్ ప్రధానంగా చర్మం చుట్టూనే తిరిగింది.

చర్మానికి సాగే గుణం ఉంది. ఎంత బిగించి కుట్టినా కొన్నాళ్లకు మళ్లీ సాగుతుంది. బిగువంతా కుట్టు మీదే పడితే మచ్చ వెడల్పవుతుంది, ముఖం ఎదురుగాలిలో నిలబడ్డట్టు ఉంటుంది. చీర కట్టుకునే వాళ్లకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు. లోపల లంగా బొందు వదులుగా ఉంటే పైన ఎన్ని పిన్నులు పెట్టినా కుచ్చిళ్లు నిలవవు.

ముఖానికీ అలాంటి ఒక లోపలి పట్టు ఉంది. చర్మం, దాని కింది కొవ్వు దాటాక ఒక పల్చటి గట్టి పొర వస్తుంది. అది మెడలోని పల్చటి కండరంతో కలిసిపోయి ఉంటుంది. 1974లో స్వీడన్ సర్జన్ టోర్డ్ స్కూగ్ ఆ పొరను చర్మంతోపాటు కలిపి ఎత్తే పద్ధతి చూపించాడు. 1976లో ఫ్రాన్స్‌కు చెందిన మిట్జ్, పెరోనీ దాని నిర్మాణాన్ని వివరించి పేరు పెట్టారు. ఆ పేరును పొడి అక్షరాల్లో స్మాస్ అంటారు. ఇవాళ మంచి ఫేస్‌లిఫ్ట్‌లో పైకెత్తి బిగించేది ఈ పొరనే. చర్మాన్ని దాని మీద వదులుగా పరిచి, మిగిలిన ముక్క మాత్రం కత్తిరిస్తారు.

అసలు జారడం ఎందుకంటే, ముఖాన్ని ఎముకకు పట్టి ఉంచే చిన్న చిన్న బంధనాలు వయసుతో సడలుతాయి. చెంపల్లోని కొవ్వు కొన్నిచోట్ల తగ్గి, కొన్నిచోట్ల కిందికి దిగుతుంది. దవడ ఎముక కూడా కొంత అరుగుతుంది. మన చర్మంలో మెలనిన్ ఎక్కువ కాబట్టి ఎండ వల్ల వచ్చే సన్నటి గీతలు తెల్లవాళ్లకంటే ఆలస్యంగా వస్తాయి. కానీ జారడం మనకూ తప్పదు. పైగా అదే మెలనిన్ వల్ల కుట్టు మచ్చ నల్లబడే అవకాశం మనకు ఎక్కువ. చెవులు కుట్టించుకున్నప్పుడో, ఇంకే గాయానికో కీలాయిడ్ (మచ్చ ఉబ్బి, గాయాన్ని దాటి పెరగడం) వచ్చినవాళ్లు ఆ మాట డాక్టరుకు ముందే చెప్పి తీరాలి.

ఆపరేషన్‌కు సాధారణంగా మూడు నుంచి ఐదు గంటలు పడుతుంది. పూర్తి మత్తు ఇస్తారు, లేదా నిద్రమత్తుతోపాటు ఆ భాగం మొద్దుబారే ఇంజెక్షన్ ఇస్తారు. కోత కణత దగ్గర జుట్టులో మొదలై, చెవి ముందు మడతలో దిగి, తమ్మె కింద తిరిగి, చెవి వెనక నుంచి మళ్లీ జుట్టులోకి వెళుతుంది. కళ్లు మూయించే, నవ్వించే, పెదవిని కదిలించే ముఖనాడి కొమ్మలు చెంపలో స్మాస్ పొర కిందే సాగుతాయి. అందుకే ఇది ముఖం లోపలి నిర్మాణం క్షుణ్ణంగా తెలిసినవాళ్లే చేయాల్సిన పని. ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ (ఇప్పుడు డీఆర్‌ఎన్‌బీ) డిగ్రీ చేశారా అని అడగడానికి మొహమాటపడొద్దు. ఇలాంటి కేసులు ఎన్ని చేశారో కూడా అడగండి.

మొదటి రోజు తలచుట్టూ కట్టు, కొందరికి చెవి వెనక నుంచి రక్తం, నీరు తీసే సన్నటి గొట్టం ఉంటాయి. అన్నిటికంటే ఎక్కువగా వచ్చే చిక్కు చర్మం కింద రక్తం గడ్డకట్టడం, అదీ ఎక్కువగా మొదటి 24 గంటల్లోనే. ఒకవైపు చెంప ఉన్నట్టుండి ఉబ్బి, సలుపు పెరిగితే తెల్లవారేదాకా ఆగకూడదు, వెంటనే డాక్టరుకు ఫోన్ చేయాలి. బీపీ అదుపులో లేనివాళ్లకు, మగవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ. గడ్డం పెరిగే చర్మానికి రక్తప్రసారం ఎక్కువగా ఉండడం అందుకు ఒక కారణం.

రెండోరోజు, మూడోరోజు అద్దం చూసుకుని ఏడ్చేవాళ్లు ఉంటారు. వాపు అప్పుడే గరిష్ఠంగా ఉంటుంది, కమిలిన నీలం రంగు మెడ మీదికి దిగుతుంది. "ఎందుకు చేయించుకున్నానురా దేవుడా" అనిపించడం మామూలే. ఇంట్లోవాళ్లకు ఈ సంగతి ముందే తెలిసి ఉంటే సగం టెన్షన్ తగ్గుతుంది. ఐదో రోజు నుంచి పదో రోజులోపు కుట్లు తీస్తారు. రెండు, మూడు వారాలకు నలుగురిలోకి వెళ్లొచ్చు.

తిమ్మిరి మాత్రం నెలల తరబడి ఉండొచ్చు. చెవికి ఫోన్ ఆనించినా తాకినట్టు తెలియదు. ఆ రోజుల్లో హెయిర్ డ్రయ్యర్ వేడికి చెవి కాలినా తెలియదు, గడ్డం గీసుకునేటప్పుడు బ్లేడుతో చర్మం తెగినా తెలియదు. బుట్టకమ్మలు, హెల్మెట్, జుట్టుకు రంగు, వీటన్నిటికీ డాక్టరు సరేననేదాకా ఆగాలి. మగవాళ్లకు ఇంకో మార్పు ఉంటుంది. చర్మం వెనక్కి జరిగిన మేరకు గడ్డం కూడా చెవి అంచుకు చేరుతుంది.

సిగరెట్ గురించి గట్టిగానే చెప్పాలి. పైకెత్తిన చర్మం చాలావరకు తన అంచుల్లోని సన్నటి రక్తనాళాల మీదే బతకాలి. నికోటిన్ వాటిని ముడుచుకునేలా చేస్తుంది. రక్తం అందకపోతే చెవి వెనక చర్మం నల్లబడి చచ్చిపోవచ్చు. గుట్కా, జర్దా, నికోటిన్ చూయింగ్ గమ్ కూడా ఈ లెక్కలోకే వస్తాయి. ఆపరేషన్‌కు ముందు కనీసం నాలుగు వారాలు, తర్వాత మరో నాలుగు వారాలు ఇవేవీ ముట్టకూడదు. డాక్టరు దగ్గర దాచారంటే నష్టపోయేది మీ ముఖమే. ఆస్పిరిన్ లాంటి రక్తం పలచబరిచే మందులు, చేపనూనె మాత్రలు వాడుతున్నా చెప్పాలి. గుండె మందుల్ని మాత్రం ఎవరికి వాళ్లు ఆపేయకూడదు.

దవడ, మెడ బాగుపడతాయి. నుదుటి గీతలు, కళ్లకింద సంచులు, పెదవుల మీది సన్నటి ముడతలు, మంగు మచ్చలు దీంతో పోవు. వాటి చికిత్సలు వేరు. వయసు కూడా ఆగదు, కొంత వెనక్కి జరిపిన చోటు నుంచి మళ్లీ నడక మొదలుపెడుతుంది.

ఇక ముహూర్తం మాట. వాపు అవశేషాలు పూర్తిగా పోవడానికి ఆరు నెలలు, మచ్చ రంగు చర్మంలో కలవడానికి ఏడాది దాకా పడుతుంది. మాఘంలో అమ్మాయి పెళ్లి పెట్టుకుని పుష్యంలో ఆపరేషన్‌కు వెళితే పెళ్లి ఫొటోల్లో వాపు కనిపిస్తుంది. శ్రావణంలో వెళితే సరిపోతుంది.